‘ఆ సత్యేన రజసా’: ఈ రజస్సు వెలుగా, చీకటా?

నాగావళి: మా తాతగారు ఆదివారం పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా నిలబడి చదివిన మంత్రంలో ఒక ముక్క పది రోజులుగా నన్ను వదలడం లేదు. నా చెవిలో మిగిలింది ‘అసత్యేన రజసా వర్తమానో’. సూర్యుడికి అసత్యంతో పనేమిటని పుస్తకం తీస్తే ‘ఆ కృష్ణేన రజసా’ అని ఉంది. నేను విన్నది ఏది?

తాళపత్రం: నాగావళి గారూ, అది దీర్ఘం. ‘ఆ’ ఉపసర్గ, ‘వర్తమానః’తో అన్వయించుకోవాలి. ఋగ్వేదం 1.35.2లో ‘కృష్ణేన’, కృష్ణ యజుర్వేదపు తైత్తిరీయ సంహితలో ‘సత్యేన’. మన ప్రాంతంలో యజుశ్శాఖ వారే ఎక్కువ కనుక మీరు విన్నది ‘ఆ సత్యేన’ అయి ఉండాలి. తాతగారిది ఏ వేదశాఖ?

వేకువచుక్క: శాఖ సరే, రజస్సును దాటి వెళ్లకండి. గ్రీకులలో చీకటికి పేరైన ఎరెబోస్ ఈ మాటకు తోబుట్టువు. వారి ప్రాచీన కవి హెసియడ్ లెక్కలో ఖావోస్ అనే ఆది శూన్యం నుంచి ఎరెబోస్, నల్లని రాత్రి పుట్టాయి. ఆ ఇద్దరికి పుట్టింది పగలు. రజస్సులో లేని ఆ మొదటి ‘ఎ’ ఎక్కడిదంటారా? గ్రీకులో ‘ర’కారం ముందు అది వస్తుంది. మన రుధిరానికి చుట్టమైన మాట అక్కడ ఎరుథ్రోస్, ఎరుపు. మన ‘జ’ ఉన్నచోట ‘బ’ ఎక్కడిదంటే, మన గ, జలకు మూలమైన ఒక పాత ధ్వని అక్కడ ‘బ’ అయింది; మన గోవు వారికి బౌస్. ఇదే కుటుంబపు మాటతో, పాత జర్మానిక్ భాష గోథిక్‌లోని బైబిలులో చీకటికి రిక్విస్ అన్నారు, ఆర్మీనియన్‌లో ఎరెక్ అంటే సాయంత్రం. కాబట్టి రజస్సు మొదట చీకటే; సూర్యదేవుడు సవిత నల్లని చీకట్లోంచి బంగారు రథం మీద వస్తున్నాడు. ‘కృష్ణేన’కూ ‘హిరణ్యయేన’కూ మధ్య ఉన్న ఆ ఎదురెదురులోనే మంత్రం అందమంతా ఉంది. ‘సత్యేన’ అంటే అది పోతుంది.

తాళపత్రం: పోదు. ‘జ్యోతీ రజ ఉచ్యతే’, వెలుగును రజస్సు అంటారని, వేదపదాలకు అర్థం చెప్పిన నిరుక్తకారుడు యాస్కుడు చెప్పనే చెప్పాడు. నీరు, లోకాలు కూడా రజస్సేనన్నాడు. రజస్సు వెలుగైతే ‘సత్యేన’ చక్కగా అమరుతుంది. పైగా ఋగ్వేదంలోని సృష్టి సూక్తం నాసదీయం చూడండి. మొదటి ఋక్కులో ‘నాసీద్రజః’, రజస్సు లేదని; మూడో ఋక్కులో ‘తమ ఆసీత్’, చీకటి ఉందని. రజస్సు చీకటే అయితే, లేదన్న చీకటి రెండు ఋక్కులు దాటేసరికి ఎలా వచ్చింది?

వేకువచుక్క: మంచి దెబ్బ, ఒప్పుకుంటాను. కానీ మాట పుట్టుక వేరు, ఆ కవి నాటి వాడుక వేరు. అప్పటికే అది అంతరిక్షం అనే అర్థానికి జరిగింది. వేదభాష్యకారుడు సాయణుడు కూడా ‘కృష్ణేన రజసా’ను నల్లని లోకమనే అంటాడు, సూర్యుడు రాకముందు అంతరిక్షం నల్లగా ఉంటుంది కనుక. స్కాండినేవియా వారి పాత నార్స్ భాషలోనూ ఇలాంటి అక్షరపు తగాదా ఉంది. లోకాంతాన్ని చెప్పే ‘వోలుస్పా’ కావ్యంలో ‘రాగ్న రోక్’, అంటే దేవతల విధి. తర్వాత ఐస్లాండ్ రచయిత స్నోర్రి రాసింది ‘రోక్కర్’, అంటే మసక చీకటి. ఈ రెండోది మన రజస్సుకు చుట్టం. ఒక్క అక్షరంతో లోకాంతం విధి నుంచి చీకటికి మారిపోయింది.

కృష్ణాతీరం: ఇంత దూరం ఎందుకండీ, రజని అంటేనే రాత్రి కదా!

తాళపత్రం: అథర్వవేదంలో ‘ఇదం రజని రజయ’ అన్నప్పుడు రజని రంగు పట్టించే మూలిక. దాన్ని సాక్ష్యానికి పిలవకండి.

కృష్ణాతీరం: అయితే పోతనను పిలుస్తాను. ‘లోకంబులు లోకేశులు లోకస్థులు దెగిన తుది నలోకంబగు పెంజీకటి కవ్వల...’ నాసదీయంలోని తమస్సు ఇక్కడ పెంజీకటి అయింది. ఏనుగు నోట ఈ మాట పెట్టడానికి ఎంత గుండె ఉండాలి! ‘అలోకం’ అంటే లోకం లేనిదనే టీకలు చెబుతాయి. నాకు మాత్రం చూపు ఆననిదని వినిపిస్తుంది. ఆలోకనంలో ఉన్నది ఆ లోకమే కదా.

వేకువచుక్క: మీ చెవి సరైనదే. లిథువేనియన్‌లో లౌకస్ అంటే పొలం, లాటిన్‌లో లూకుస్ అంటే తోపు. వెలుగు పడే తెరపి అనే భావం లోకంలో మొదటినుంచీ ఉంది.

తాళపత్రం: పోతన లిథువేనియన్ చదవలేదు. లోకాలూ లోకేశులూ తెగాక అన్నాడు కనుక అక్కడ లోకం లేకపోవడమే అర్థం.

నాగావళి: శాఖ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒకటి మాత్రం గుర్తుంది. తాతగారు ఆ మంత్రం కళ్లు మూసుకుని మొదలుపెట్టి, ‘హిరణ్యయేన’ దగ్గర తెరిచేవారు.

తాళపత్రం: సంధ్యావందనంలో ప్రవర చెప్పేవారు కదా. అందులో యజుర్వేదుల ఆపస్తంబ సూత్రం అన్నారో, ఋగ్వేదుల ఆశ్వలాయన సూత్రం అన్నారో మీ పెదనాన్నగారిని అడగండి.