మామిడి కొమ్మలు కోయడానికి తేలికైన చైన్ సా ఏది తీసుకోవాలి?

నూజివీడు తోట:
అందరికీ నమస్కారం. మాది నూజివీడు దగ్గర నాలుగెకరాల మామిడి తోట, సగం బంగినపల్లి, సగం కలెక్టర్. మా నాన్న పెట్టిన చెట్లు, ముప్పై ఏళ్లు దాటాయి. కొమ్మలు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోయి లోపల ఎండ పడటం లేదు, కాపంతా నెత్తిమీదే. కోతలు అయ్యాక నడిమి గుబురు తీయిద్దామంటే కూలీలు రేపు మాపు అంటున్నారు, అందుకే నేనే మిషన్ కొనుక్కుందామని. పక్క తోటాయన దగ్గర 58 సీసీ, 22 అంగుళాల బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ) ఉన్న మిషన్ తెచ్చి ఒక పూట వాడాను. అరగంటకే చేతులు లాగేశాయి, తర్వాత ఒక కొమ్మ కోస్తుంటే మిషన్ ఒక్కసారిగా నా మొహం వైపు లేచింది. దెబ్బ తగల్లేదు గానీ అప్పటినుంచి దాన్ని పట్టుకోవాలంటే టెన్షన్‌గా ఉంది. నాకు 46 ఏళ్లు, నడుం నొప్పి ఉంది. కొమ్మలు మణికట్టు లావు నుంచి తొడ లావు దాకా ఉంటాయి. పెట్రోల్‌ది తీసుకోవాలా, బ్యాటరీదా? నిచ్చెన వేసుకుని కోయొచ్చా?

జగిత్యాల చెట్ల పని:
అన్నా, నిచ్చెన మాట ముందే చెప్తున్నా, వద్దు. నేను పదకొండేళ్లుగా మామిడి తోటల్లో ఇదే పని చేస్తున్నా, మిషన్‌తో నిచ్చెన ఎక్కను. కొమ్మ తెగి కింద పడేటప్పుడు ఊగి నిచ్చెననే కొడుతుంది, అప్పుడు చేతిలో మిషన్ తిరుగుతూ ఉంటుంది.

మిషన్ మొహం వైపు లేచిందన్నావు కదా, దాన్ని కిక్‌బ్యాక్ అంటారు. బార్ ముక్కు పైసగం దేనికైనా తగిలితే చైన్ అక్కడ పట్టుకుని బార్‌ను పైకి, వెనక్కి విసురుతుంది. గుబురు మామిడిలో ఇది ఎక్కువ, ఎందుకంటే నువ్వు ఒక కొమ్మ కోస్తుంటే ఆకుల వెనక ఇంకో కొమ్మ ముక్కుకు తగులుతుంది, అది నీకు కనపడదు. 22 అంగుళాల బార్ అయితే ముక్కు ఎక్కడుందో కూడా తెలియదు. అందుకే నీకు 12 లేదా 14 అంగుళాల బార్ చాలు, తొడ లావు కొమ్మకు అదే ఎక్కువ.

పెట్రోల్‌లో 30 సీసీ చుట్టుపక్కల చూడు. నేను వాడేది స్టిల్ ఎంఎస్ 180, 31.8 సీసీ. డబ్బా మీద రాసే నాలుగు కేజీలు ఉత్త ఇంజిన్ బరువే, బార్, చైన్, పెట్రోల్, ఆయిల్ కలిపితే ఇంకో కేజీ పైన పడుతుంది. అందుకే కొనేముందు షాపులో అన్నీ బిగించి, ట్యాంకులు నింపి, నడుం ఎత్తులో ఐదు నిమిషాలు పట్టుకుని చూడు, నడుం అప్పుడే చెప్తుంది. పైన ఒకటే హ్యాండిల్ ఉండే చిన్న మిషన్లు ఇంకా తేలిక, కానీ అవి తాడు కట్టుకుని చెట్టెక్కి పనిచేసేవాళ్ల కోసం చేసినవి. కింద నిలబడి కోసేవాళ్లకు వద్దు, ఒంటి చేత్తో పట్టాలనిపిస్తుంది, ప్రమాదం అక్కడే.

రెండు చేతులూ మిషన్ మీదే ఉండాలి, ఎడమ బొటనవేలు ముందు హ్యాండిల్ చుట్టూ తిరిగి ఉండాలి. భుజం ఎత్తు దాటి ఎత్తొద్దు. దానికంటే పైన ఉన్న కొమ్మలకు గెడ చివర రంపం ఉండే పోల్ ప్రూనర్ తీసుకో, లేదా చేతి రంపంతో కోయించు.

ఇంక కోసే పద్ధతి. లావు కొమ్మను పైనుంచి ఒకే కోతలో తీస్తే సగంలో విరిగి, మాను బెరడు చీలిపోతుంది. ముందు మానుకు జానెడు దూరంలో కిందనుంచి పావు వంతు కోయి, తర్వాత ఇంకాస్త బయట పైనుంచి కోసి కొమ్మ దించు, చివరికి మిగిలిన మొండిని, కొమ్మ మానుకు అతికే చోట ఉబ్బుగా ఉండే మెడ బయట తీసెయ్యి. ఆ మెడ కోయొద్దు, గాయం మానేది అక్కడినుంచే.

తెనాలి సర్వీస్ పాయింట్:
నాది రిపేరు పని. నా దగ్గరికి వచ్చే మిషన్లలో చాలావాటికి జబ్బు ఒకటే, పదును లేని చైన్. మొద్దు చైన్‌తో కోస్తే మనిషి మిషన్‌ను నొక్కుతాడు, ఆ నొక్కుడుకే చేతులు లాగుతాయి, ఇంజిన్ కూడా వేడెక్కుతుంది. అన్నగారి చేతులు లాగడానికి బరువొక్కటే కారణం అనుకోను. పొట్టు చూడండి, చిన్న చిన్న ముక్కలుగా రాలితే పదునుంది, పిండిలా రాలితే ఆపి ఆకురాయి పట్టాలి. చిన్న మిషన్లకు వచ్చే సన్నరకం త్రీ బై ఎయిట్ (3/8 అంగుళం సైజు) చైన్‌కు 4 ఎంఎం గుండ్రటి ఆకురాయి, ప్రతి పన్నుకూ ఒకే లెక్కన రెండు మూడు సార్లు, ముందుకే తొయ్యాలి. మామిడి మానుల మీద చెదల మట్టి ఉంటుంది, అది కోసే ముందే బ్రష్‌తో రాల్చెయ్యండి, మట్టి తగిలితే పదును నిమిషంలో పోతుంది.

పెట్రోల్‌లో 2టి ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) ఎంత కలపాలో మిషన్ పుస్తకం చూసే కలపండి. 25:1 అంటే లీటరుకు 40 ఎంఎల్, 50:1 అంటే 20. ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది కాబట్టి కలిపినదాన్ని నెలలు ఉంచొద్దు, సీజన్ అయ్యాక ట్యాంక్ ఖాళీ చేసి ఆగిపోయేదాకా నడిపి పక్కన పెట్టండి. బార్‌కు వాడిన నల్ల ఇంజిన్ ఆయిల్ పోస్తుంటారు, దాంట్లోని ఇనుప రజను బార్‌ను, పంపును తినేస్తుంది, దయచేసి పోయకండి.

కడియం అక్క:
నేను బ్యాటరీ మిషన్ వాడతాను, నాలుగు అంగుళాల బార్. మణికట్టు లావు కొమ్మలకు చాలా బాగుంటుంది, తాడు లాగక్కర్లేదు, చెవులు పోవు. రెండో బ్యాటరీ తీసుకోండి, ఒకదానితో పూట గడవదు. తొడ లావుకు మాత్రం అది చాలదు.

నిచ్చెన గురించి ఆ తమ్ముడు చెప్పింది నిజం. మా చిన్నాన్న పనస కొమ్మ కోస్తూ నిచ్చెన మీదనుంచి పడ్డాడు, మోకాలు తిరిగి సరిగా రాలేదు. ఇంకోటి, లుంగీ, కండువాతో మిషన్ పట్టొద్దు. ప్యాంటు, బూట్లు, కళ్లద్దాలు, చెవులకు మఫ్స్, ఇవన్నీ మిషన్‌తోపాటే కొనండి. తోట మీదుగా కరెంటు తీగలుంటే లైన్‌మన్‌తో సప్లై ఆపించాకే ఆ వరుసలోకి వెళ్లండి.

నూజివీడు తోట:
అందరికీ చాలా థాంక్స్. 14 అంగుళాల పెట్రోల్‌ది చూస్తాను, పై కొమ్మలకు గెడ రంపం. మా చివరి వరుస మీద మోటారు లైన్ ఉంది, అది నాకు తట్టనే లేదు. కోసిన చోట ఏం పుయ్యాలి?

జగిత్యాల చెట్ల పని:
బోర్డో పేస్ట్ అన్నా. కేజీ మైలుతుత్తం, కేజీ సున్నం, పది లీటర్ల నీళ్లు. ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కరిగించి కలుపు, ఇనుపది వద్దు. కోసిన రోజే పుయ్యి. తర్వాత రెండు నెలలు కాండం తొలిచే పురుగు రంధ్రాలు, పొట్టు కనపడతాయేమో మానులు చూస్తూ ఉండు. మొదటి రోజు రెండు చెట్లే చెయ్యి, ఎవరినైనా కేక వినపడే దూరంలో ఉంచుకో.