సెప్సిస్‌లో ప్రోకాల్సిటోనిన్, లాక్టేట్ చూసి పేషెంట్ గట్టెక్కుతాడో లేదో చెప్పగలుగుతున్నారా?

గోదారిగట్టు
నమస్కారం. జిల్లా స్థాయి ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్‌లో పనిచేస్తున్నాను. ఈ మధ్య ఐసీయూలో పక్కపక్క బెడ్ల మీద ఇద్దరు సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) పేషెంట్లు ఉన్నారు. ఒకామె మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో వచ్చింది. ప్రోకాల్సిటోనిన్ (బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ముదిరితే రక్తంలో పెరిగే పదార్థం) 60 దాటింది. మాకందరికీ టెన్షన్. వారం తిరక్కుండా లేచి కూర్చుని ఇడ్లీ తింది. పక్క బెడ్ ఆయనకు న్యుమోనియా. ప్రోకాల్సిటోనిన్ 3 కూడా లేదు, లాక్టేట్ (అవయవాలకు రక్తం సరిగా అందనప్పుడు పెరిగే పదార్థం) మాత్రం 5 దగ్గరే నిలిచిపోయింది. ఆయన దక్కలేదు.
అందుకే అడుగుతున్నాను. డబ్బులు తక్కువున్న చోట ఏ టెస్టుకు ఖర్చు పెట్టాలి? మళ్లీ ఎప్పుడు చేయించాలి? ఇంటివాళ్లు "బతుకుతాడా సార్" అని అడిగితే ఈ అంకెలు పెట్టుకుని మీరేం చెబుతున్నారు?

క్రిటికల్‌కేర్_సీనియర్
ఇరవై ఏళ్లకు పైగా ఐసీయూలోనే ఉన్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను, మొదటి రోజు ప్రోకాల్సిటోనిన్ ఎంత ఉంది అన్నదాన్ని బట్టి జోస్యం చెప్పకూడదు. గ్రామ్ నెగెటివ్ (ఈ.కోలై లాంటి) బ్యాక్టీరియా రక్తంలోకి దిగితే అది ఆకాశానికి వెళ్తుంది. సరైన యాంటీబయాటిక్ పడితే అంతే వేగంగా దిగుతుంది. దాని హాఫ్ లైఫ్ (సగానికి తగ్గే సమయం) ఒక రోజు చుట్టుపక్కలే. చూడాల్సింది ఆ దిగడం. అమెరికాలో చేసిన మోసెస్ స్టడీలో నాలుగో రోజుకు 80 శాతానికి మించి తగ్గినవాళ్లలో మరణాలు 10 శాతం, అంత తగ్గనివాళ్లలో 20 శాతం.
లాక్టేట్ సంగతి వేరు. 2016 నాటి సెప్సిస్-3 నిర్వచనంలోనే అది ఉంది. ఫ్లూయిడ్స్ సరిపడా ఇచ్చాక కూడా బీపీ నిలబెట్టడానికి నారడ్రినలిన్ కావాల్సి వచ్చి, లాక్టేట్ 2 దాటి ఉంటే సెప్టిక్ షాక్. వాళ్లలో ఆసుపత్రి మరణాలు 40 శాతం పైమాటే. 2 దాటితే రెండు నుంచి నాలుగు గంటల్లో మళ్లీ చూడాలి. మీ న్యుమోనియా పేషెంట్ విషయంలో లాక్టేట్ మొదటినుంచీ నిజమే చెప్పింది.

ఐసీయూ_సిస్టర్
లాక్టేట్ నిజం చెబుతుందని అంత తేలిగ్గా అనకండి సర్. రక్తం తీసి ట్రేలో పెడతాం, తీసుకెళ్లే మనిషి వచ్చేసరికి ముప్పావు గంట. ఒక రాత్రి 3 ఉన్నది 5 అయ్యిందని రిపోర్ట్ వచ్చింది. డ్యూటీ డాక్టర్ ఇంకో లీటర్ సెలైన్ ఎక్కించమన్నారు. నేను పేషెంట్ వేలు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగొస్తోంది, చేతులు వెచ్చగా ఉన్నాయి, యూరిన్ వస్తోంది. చెప్పినా వినలేదు. తెల్లారేసరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి వెంటిలేటర్ పెట్టాల్సొచ్చింది. ఆ 5 అనేది పేషెంట్‌ది కాదు, ట్రేలో పడి ఉన్న ట్యూబ్‌ది.

ల్యాబ్_శ్రీను
ప్రతిదీ చివరికి ల్యాబ్ మీదకే వస్తుంది! ట్యూబ్‌లో ఉన్న ఎర్ర కణాలు గ్లూకోజ్ వాడుకుంటూ లాక్టేట్ తయారుచేస్తూనే ఉంటాయి. అందుకే బూడిదరంగు మూత ఉన్న ఫ్లోరైడ్ ట్యూబ్‌లో పంపమంటాం, ఐస్‌లో పెట్టమంటాం. ఎర్రమూత ట్యూబ్‌లో, అదీ తీసిన టైమ్ రాయకుండా పంపి, రిపోర్ట్ తప్పంటే ఎలా? శాంపిల్ రిజెక్ట్ చేస్తే మళ్లీ మామీదే కంప్లైంట్.

ఐసీయూ_సిస్టర్
నేను ల్యాబ్‌ని ఒక్క మాట అనలేదు శ్రీను గారూ. గ్రే మూత ట్యూబులు వార్డులో ఉంటే కదా వాడటానికి? ఐస్ ఎక్కడినుంచి తేవాలి, రాత్రి రెండు గంటలకు? ఆరుగురు పేషెంట్లకు ఇద్దరం ఉంటాం.

ల్యాబ్_శ్రీను
ట్యూబులకు ఇండెంట్ పెట్టాల్సింది వార్డువాళ్లే మేడమ్. ల్యాబ్ స్టాక్‌లోంచి ఇచ్చుకుంటూ పోతే మాకు షుగర్ టెస్టులకు ఉండవు.

లీడ్స్_తెలుగు
మీ గొడవ పక్కన పెడితే, సిస్టర్ గారు చేసినదానికి ఆధారం ఉంది. 2019లో వచ్చిన ఆండ్రోమెడా-షాక్ ట్రయల్ సరిగ్గా ఇదే. 424 మంది సెప్టిక్ షాక్ పేషెంట్లలో సగం మందికి వేలు నొక్కి రంగు తిరిగొచ్చే సమయాన్ని బట్టి, మిగతావాళ్లకు లాక్టేట్‌ను బట్టి చికిత్స నడిపారు. 28 రోజుల్లో మరణాలు వేలు నొక్కిన గ్రూపులో 34.9 శాతం, లాక్టేట్ గ్రూపులో 43.4 శాతం.

క్రిటికల్‌కేర్_సీనియర్
పూర్తిగా చెప్పండి డాక్టర్. పీ వాల్యూ 0.06. స్టాటిస్టిక్స్ ప్రకారం తేడా రుజువు కాలేదు. ఇలా సగం చెబితే రేపు జూనియర్లు లాక్టేట్ పంపడమే మానేస్తారు.

లీడ్స్_తెలుగు
లాక్టేట్ మానేయమని నేనెక్కడ అన్నాను? లాక్టేట్ దిగలేదని ఒక్కటే చూసి సెలైన్ పోయొద్దంటున్నాను. లివర్ దెబ్బతిన్నా దిగదు. అడ్రినలిన్ డ్రిప్ నడుస్తున్నా, ఫిట్స్ వచ్చినా పెరుగుతుంది. కిడ్నీ పాడైన షుగర్ పేషెంట్ మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నా పెరుగుతుంది.
ఇంకో మాట. ప్రోకాల్సిటోనిన్ అసలు ఉపయోగం యాంటీబయాటిక్ ఎప్పుడు ఆపాలో తేల్చుకోవడానికి. ఇక్కడ బ్రిటన్‌లో చేసిన అడాప్ట్-సెప్సిస్ ట్రయల్ 2025లో అచ్చయింది. రోజూ ప్రోకాల్సిటోనిన్ చూసినవాళ్లకు మందులు సగటున 9.8 రోజులు, మామూలు పద్ధతిలో 10.7. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సీఆర్పీ (ఇన్ఫెక్షన్‌కు చేసే ఇంకో రక్త పరీక్ష) చూసి ఆపిన గ్రూపులో రోజులేమీ తగ్గలేదు. మొదలుపెట్టడానికి మాత్రం ప్రోకాల్సిటోనిన్ కోసం ఆగొద్దని 2021 సర్వైవింగ్ సెప్సిస్ మార్గదర్శకాలే చెప్పాయి.

క్రిటికల్‌కేర్_సీనియర్
ఒక్క పేషెంట్‌కు ఒక్క నర్సు ఉండే ఐసీయూల లెక్కలు తెచ్చి ఇక్కడ అప్పజెప్పకండి. ఒక రోజు మందు తగ్గించడానికి రోజూ ఆ టెస్టుకు మా పేషెంట్ ఎక్కడినుంచి తేవాలి?

పాలమూరు_వెంకట్
డాక్టర్ని కాదు, పేషెంట్ కొడుకుని. ఆ డబ్బు మేమే తెచ్చాం. మా నాన్నకు రోజూ ప్రోకాల్సిటోనిన్ చేశారు, ఒక్కోసారికి రెండు వేల పైనే. పొద్దున్నే ఎవరో ఒకరు కాగితం తెచ్చి "32 ఉండె, 18 అయ్యింది" అని చూపించేవాళ్లు. మేం దాన్ని పట్టుకుని ఊళ్లో అందరికీ ఫోన్లు చేశాం, బాగవుతున్నాడని. అప్పటికే డయాలసిస్ నడుస్తోంది, రెండు బీపీ మందులు నడుస్తున్నాయి. ప్లేట్‌లెట్లు 40 వేలకు పడిపోయాయి. ఆ మాటలు ఎవరూ చెప్పలేదు, తగ్గుతున్న అంకె ఒక్కటే చూపించారు. నాన్న పోయిన రోజు కూడా ఆ రిపోర్టులో అంకె ముందురోజు కంటే తక్కువే ఉంది. మీరంతా పీ వాల్యూ అంటున్నారు. నాకు కావాల్సింది, ఆ అంకె ఎందుకు తగ్గింది, మనిషి ఎందుకు పోయాడు?

లీడ్స్_తెలుగు
వెంకట్ గారూ, మీ నాన్నగారి సంగతి చదివి చాలా బాధగా ఉంది. ఫైల్ చూడకుండా ఆయన గురించి చెప్పలేను, మామూలుగా జరిగేది చెబుతాను. డయాలసిస్‌లో వాడే కొన్ని ఫిల్టర్ల గుండా ప్రోకాల్సిటోనిన్ కొంత బయటికి పోతుంది. కాబట్టి అక్కడ అంకె దిగిందంటే ఇన్ఫెక్షన్ దిగిందని అర్థం కాకపోవచ్చు. ఒకవేళ ఇన్ఫెక్షన్ నిజంగానే అదుపులోకి వచ్చినా, అప్పటికే దెబ్బతిన్న కిడ్నీ, గుండె, లివర్ కోలుకోకపోవచ్చు. మనిషి ఉంటాడా లేదా అన్నది ఎక్కువగా వాటి మీదే ఆధారపడుతుంది. మేం సోఫా స్కోర్ అని, ఏ అవయవం ఎంత దెబ్బతిందో లెక్క వేసేది అందుకే. ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, బిలిరుబిన్, ఆక్సిజన్, బీపీ మందులు, స్పృహ. ఇవన్నీ మీకు చెప్పాల్సింది.

కల్చర్‌ప్లేట్
మైక్రోబయాలజీ నుంచి. ఇంత రాశారు, యాంటీబయాటిక్ వేసేముందు బ్లడ్ కల్చర్ (రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) తీయండని ఒక్కరూ అనలేదు. ప్రోకాల్సిటోనిన్ 60 అయినా 6 అయినా ఏ క్రిమో చెప్పదు. ఇంకోటి, మన దగ్గర వర్షాకాలం నుంచి చలికాలం దాకా వచ్చే జ్వరాల్లో స్క్రబ్ టైఫస్‌ని (కంటికి కనపడనంత చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) మర్చిపోవద్దు. షాక్‌లో వస్తారు, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి, లివర్ ఎంజైమ్‌లు పెరిగి ఉంటాయి, మెరోపెనెమ్ యాంటీబయాటిక్ పోస్తూ కూర్చుంటాం. అది దానికి పనిచేయదు, డాక్సీసైక్లిన్ కావాలి. చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, నడుం పట్టీ దగ్గర నల్లటి చెక్కు కట్టిన మచ్చ కోసం బట్టలు తొలగించి వెతకండి. మలేరియాలో కూడా ప్రోకాల్సిటోనిన్ పెరుగుతుంది, స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూసే పరీక్ష) వేయించండి.

పసిపిల్లల_వార్డు
అప్పుడే పుట్టిన బిడ్డల్లో మొదటి రెండు రోజులు ప్రోకాల్సిటోనిన్ దానంతటదే పెరుగుతుంది. పెద్దవాళ్ల 0.5 హద్దు వాళ్లకు పెట్టి అనవసరంగా మందులు మొదలుపెడుతున్నారు. పుట్టి ఎన్ని గంటలైందో చూసి చదవాలి. దీని మీద ఎవరైనా వేరే చర్చ పెడితే బాగుంటుంది.

గోదారిగట్టు
అందరికీ కృతజ్ఞతలు. నా మూడో ప్రశ్నకు వెంకట్ గారి పోస్టే సగం జవాబు. ఇంటివాళ్లతో ఏం మాట్లాడుతున్నారో మిగతావాళ్లు కూడా చెప్పండి. ప్రెసెప్సిన్, ఐఎల్-6 అనే ఇంకో రెండు సెప్సిస్ రక్త పరీక్షల కిట్లు అమ్మడానికి కంపెనీ మనిషి రోజూ వస్తున్నాడు, అవి పనికొస్తాయా?

ఐసీయూ_సిస్టర్
నా డ్యూటీలో ఇంటివాళ్లు అడిగితే అంకె చెప్పను. "నిన్న రెండు బీపీ మందులు నడిచాయి, ఇవాళ ఒకటే నడుస్తోంది, పిలిస్తే కళ్లు తెరుస్తున్నారు, యూరిన్ గంటకు ఇంత వస్తోంది" అని చెబుతాను. ఆ మూడూ వాళ్లకు అర్థమవుతాయి. బాగోకపోతే బాగోలేదనే చెబుతాను. ఎంత శాతం అని మాత్రం నా నోటితో అనను.

క్రిటికల్‌కేర్_సీనియర్
సిస్టర్ చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. ప్రెసెప్సిన్, ఐఎల్-6 రెండూ మరణాల అంచనాకు కొంత పనికొస్తాయన్న పేపర్లు ఉన్నాయి. కానీ ఆ అంకె చూసి పేషెంట్‌కు మీరు వేరేగా చేసేదేమీ ఉండదు. ఆ డబ్బుతో బ్లడ్ గ్యాస్ మెషిన్ కాట్రిడ్జ్‌లు కొనండి. లాక్టేట్ బెడ్ పక్కనే వస్తే పైన జరిగిన గొడవ కూడా ఉండదు. ప్రోకాల్సిటోనిన్ అయితే మొదటి రోజు ఒకటి, మూడో రోజో నాలుగో రోజో ఒకటి, మందు ఆపేముందు ఒకటి. అంతకంటే నేను పంపను.

ల్యాబ్_శ్రీను
కాట్రిడ్జ్‌లు కొనేముందు వాటి గడువు తేదీ, రోజుకు ఎన్ని టెస్టులు వస్తాయో లెక్క చూసుకోండి. తెరిచాక కొన్ని వారాల్లో వాడెయ్యాలి, చిన్న ఆసుపత్రుల్లో సగం పారబోస్తున్నారు. మెషిన్ వచ్చేదాకా ఫ్లోరైడ్ ట్యూబ్, మీద తీసిన టైమ్. సిస్టర్ గారూ, రేపటినుంచి మా దగ్గర నైట్ షిఫ్ట్‌కు విడిగా గ్రే ట్యూబులు పక్కన పెట్టిస్తున్నాను. మీ ఆసుపత్రి ల్యాబ్ ఇన్‌ఛార్జిని కూడా అలాగే అడిగి చూడండి.