అమ్మ ఫోన్‌లో ఏ తెలుగు కీబోర్డు పెట్టాలి?

పార్వతీపురం_పిల్ల
మా అమ్మకి 61. అయిదో తరగతి దాకా చదివింది, అదీ ఊళ్ళో బళ్ళో, తెలుగులో. పాల లెక్క ఇప్పటికీ కాలెండరు మీద తనే రాసుకుంటుంది. మొన్న దసరాకి స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాం. ఫ్యామిలీ గ్రూపులో అందరూ రాస్తుంటే తను మాత్రం వాయిస్ మెసేజ్‌లు పెడుతుంది. అల్లుళ్ళు ఆఫీసులో ఉంటారు, వినరు. దండం బొమ్మ ఒకటి పడేసి ఊరుకుంటారు. ఆవిడకి రాయాలని ఉంది. సంక్రాంతికి మూడు రోజులు ఊరెళ్తున్నా, ఆ మూడు రోజుల్లోనే నేర్పాలి. ఫోన్‌లో జీబోర్డు, అదే గూగుల్ కీబోర్డు, ఉంది. మైకు నేర్పనా, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది నేర్పనా, తెలుగు అక్షరాలే ఉండేది నేర్పనా?

ఆస్టిన్_ఆవకాయ
ఇందులో ఆలోచించేదేముందండీ. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేదే పెట్టండి. జీబోర్డు సెట్టింగుల్లో భాషలు, అందులో తెలుగు, అక్కడ 'ఏబీసీ' అని కనిపించే లేఅవుట్‌కి టిక్ పెట్టండి. స్పేస్‌బార్ కాసేపు నొక్కి పట్టుకుంటే భాష మారుతుంది. ఏ, ఎమ్, ఎమ్, ఏ కొడితే 'అమ్మ'. ఎలా పలుకుతామో అలా కొట్టడమే. నేను ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పాత పద్ధతి) రోజుల నుంచీ ఇలాగే రాస్తున్నాను, ఒక్క రోజు కూడా కీబోర్డు 'నేర్చుకోలేదు'.

కరీంనగర్_కుర్రోడు
మైకు నొక్కి మాట్లాడు అక్కా. అయిపాయె.

డీటీపీ_వాసు
ఎవరూ అసలు మాట చెప్పట్లేదు కాబట్టి చెబుతున్నాను. తెలుగుకి ప్రామాణిక కీబోర్డు ఉంది, పేరు ఇన్‌స్క్రిప్టు. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఖరారు చేసింది. గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు చాలా మటుకు కుడి చేతికి. తెలుగులో 'క' ఏ మీట మీద ఉందో హిందీలోనూ, కన్నడంలోనూ అదే మీట మీద ఉంటుంది. ఒకటి వస్తే మిగతావి వచ్చినట్టే. విండోస్ ఎక్స్‌పీ నుంచీ కంప్యూటర్లోనే ఉంది, ఏమీ దించుకోనక్కర్లేదు. తెలుగు భాష జత చేసుకుంటే చాలు, తర్వాత విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే మారుతుంది. రోజుకి అరగంట చొప్పున పదిహేను రోజులు కూర్చోండి. ఆ తర్వాత కళ్ళు మూసుకుని కొట్టొచ్చు. ఇంగ్లీషు మీదుగా తెలుగు రాయడం దొంగదారి.

బెజవాడ_బుల్లోడు
అన్నా, ఆవిడ అడిగింది ఫోన్ గురించి.

డీటీపీ_వాసు
తెలుసు. పునాది గురించి చెబుతున్నాను.

ఆస్టిన్_ఆవకాయ
దొంగదారా? వాసుగారూ, లెక్కలోకే వద్దాం. 'తెలుగు' అన్న మాటకి మీ ఇన్‌స్క్రిప్టులో ఎన్ని మీటలు?

డీటీపీ_వాసు
ఆరు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ఇంగ్లీషు కీబోర్డు మీద చూస్తే ఎల్, జెడ్, ఎన్, జీ, ఐ, జీ.

ఆస్టిన్_ఆవకాయ
నాకు టీ, ఈ, ఎల్, యూ, జీ, యూ. ఆరే! పదిహేను రోజులు కూర్చుని మీరు సాధించింది సున్నా.

డీటీపీ_వాసు
తేలికైన మాట ఎంచుకున్నారు. 'ధర్మం' కొట్టండి. నాకు అయిదు: ధ, ర, పొల్లు, మ, సున్నా. మీకు డీ, హెచ్, ఏ, ఆర్, ఎమ్, ఏ, ఎమ్. ఏడు.

ఆస్టిన్_ఆవకాయ
'ధ'కి షిఫ్టు నొక్కాలి కదా, అది ఎవరి ఖాతా? ఆరు. పైగా నేను నాలుగో అక్షరానికే పైన 'ధర్మం' చూపిస్తే వేలితో నొక్కేస్తాను. ఇక దించుకునే మాట ఎత్తారు గనక: విండోస్ 10కి 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు, అంటే పలికినట్టే ఇంగ్లీషులో కొట్టేది, కూడా విండోసుతోనే వస్తోంది.

గోదారిగట్టు
ఆ పైన చూపించేది నొక్కే నేను చెడిపోయాను. మా మేనేజరుగారి నాన్న పోయారు. 'సంతాపం' కొట్టబోయి సగంలో పైన వచ్చిన మొదటి మాట నొక్కి పంపేశా. "మీ నాన్నగారు పోయారని తెలిసి సంతోషం." నలభై మంది ఉన్న గ్రూపు. డిలీట్ చేసేలోపే ఆయన చూశారు.

కరీంనగర్_కుర్రోడు
😂😂 అందుకే మైకు.

సిద్దిపేట_సీతక్క
మైకు సంగతి నన్నడుగు తమ్ముడూ. మా నాయన "బువ్వ తిన్నవా బిడ్డా, ఎప్పుడొస్తున్నవ్" అంటడు, అది రాసేది చూస్తే "భోజనం చేశావా" అని పత్రికోళ్ళ తెలుగు గూడ గాదు, ఉత్త అర్థం లేని మాటలు. రెండుసార్లు చూసిండు, మూడోసారి ఫోన్ నాకే ఇచ్చేసిండు, "దీనికి మన మాట రాదు బిడ్డా" అని. బస్సుల గూసొని ఇంటి ముచ్చట మైకుల చెప్పలేం, అదింకో కష్టం.

డీటీపీ_వాసు
షిఫ్టుని మీటగా లెక్కవేస్తే మీరు కూడా 'ళ', 'ణ' కొట్టినప్పుడు షిఫ్టు నొక్కుతారు. ఆర్‌టీఎస్‌లో అదే పద్ధతి. మరి అవి?

ఆస్టిన్_ఆవకాయ
జీబోర్డులో అక్కర్లేదు. చిన్న 'ఎల్' కొట్టినా 'పెళ్ళి' అదే ఇస్తుంది.

డీటీపీ_వాసు
అదిగో! అదే రోగం. మీరు రాయట్లేదు, అది రాస్తోంది, మీరు వేలు పెట్టి చూపిస్తున్నారు. ఒకప్పుడు 'పెళ్ళి'లో ల పడుతుందో ళ పడుతుందో రాసేవాడికి తెలిసేది. ఇప్పుడు ఫోన్‌కి తెలిస్తే చాలు.

ఆస్టిన్_ఆవకాయ
మీ పొట్టకూటి మీద దెబ్బ పడిందని అందరి రాత తప్పనడం ఏం న్యాయమండీ?

బెజవాడ_బుల్లోడు
అయ్యో, అక్కడిదాకా ఎందుకు పోతారు.

డీటీపీ_వాసు
పోనీ, చెబుతాను. 1998లో విజయవాడలో ఒక డీటీపీ సెంటర్లో చేరాను. పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్, తెలుగుకి అనూ ఫాంట్లు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, కవుల పుస్తకాలు, అన్నీ చేశా. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఇప్పటి ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ అర్థం చేసుకునే అక్షరాల పద్ధతిలో లేవు. ఆ మేటర్ తెచ్చి వాట్సాప్‌లో పెడితే ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు కనిపిస్తాయి. కాలం మారిందని నేనూ మారాను, 38 ఏళ్ళప్పుడు వేళ్ళకి పాత అలవాటు మాన్పించి ఇన్‌స్క్రిప్టు నేర్చుకున్నా. తర్వాత ఒక ఆఫీసులో టైపిస్టు పని ఉందంటే వెళ్ళాను. పరీక్ష పెట్టారు. నేను పేజీ కొట్టాను, తప్పు లేదు. పక్క కుర్రాడు ఇంగ్లీషులో టకటకా కొట్టి, పైన వచ్చినవి నొక్కుతూ నాకంటే ముందే పూర్తి చేశాడు. శ, ష తారుమారు, అల్పప్రాణం మహాప్రాణం తారుమారు. నేను చూస్తుండగానే పద్నాలుగు లెక్కపెట్టాను. ఉద్యోగం అతనికే వచ్చింది. "తర్వాత దిద్దుకుంటాంలెండి" అన్నారు. దిద్దేవాడెవడు? అలా దిద్దగలిగినవాణ్ణేగా బయటికి పంపింది.

ఆస్టిన్_ఆవకాయ
మీకు జరిగింది అన్యాయమే, కాదనను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ దొంగదారి అన్నది మాత్రం నాకు గుచ్చుకుంది. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో తెలుగు రాయడానికి ఉన్నది ఆ దారి ఒక్కటే. ఆర్‌టీఎస్‌లో 'ఆర్' అంటే రైస్, హ్యూస్టన్‌లో రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న మనవాళ్ళే తయారుచేశారు. ఊరు విడిచి వచ్చినవాళ్ళం ఆ ఇంగ్లీషు అక్షరాలు పట్టుకునే తెలుగులో మిగిలాం. మా అమ్మాయి తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. వాళ్ళ తాతయ్యకి మెసేజ్ పెట్టాలంటే ఇంగ్లీషులో కొడుతుంది, అటువైపు తెలుగులో కనిపిస్తుంది. ఆయన తెలుగులో జవాబిస్తే నేను చదివి చెప్పాలి. మీరు ఆ పిల్లని ముందు గుణింతం నేర్చుకుని రమ్మంటే, ఆ మెసేజ్ కూడా ఆగిపోతుంది.

డీటీపీ_వాసు
మీ అమ్మాయిని నేనెందుకు అంటానండీ. నా గోల వేరు. వచ్చినవాడికీ రానివాడికీ తేడా లేకుండా పోయిందని.

పార్వతీపురం_పిల్ల
అందరికీ దండం. రెండు రోజుల్నుంచి చదువుతున్నా. 'ధర్మం'కి ఎన్ని మీటలో నాకు కంఠతా వచ్చింది. మా అమ్మకి ఏబీసీడీలు రావు! తెలుగు బళ్ళో అయిదో తరగతి అని మొదటి ముక్కలోనే రాశాను. బస్సు మీద ఊరి పేరు తెలుగులో లేకపోతే పక్కవాళ్ళని అడిగే మనిషి. ఆవిడకి 'పలికినట్టే కొట్టండి' అంటే ఏం కొడుతుంది? పదిహేను రోజులు ఇన్‌స్క్రిప్టు అంటున్నారు, మా ఇంట్లో కంప్యూటరే లేదు.

ఆస్టిన్_ఆవకాయ
క్షమించండమ్మా. నాకు నిజంగా ఆ ఆలోచనే రాలేదు.

తెనాలి_టీచరమ్మ
పిల్లా, జీబోర్డులోనే మామూలు 'తెలుగు' లేఅవుట్ పెట్టు. హల్లు నొక్కగానే పై వరుస మారి దాని గుణింతం వస్తుంది. 'క' నొక్కితే కా కి కీ కు కూ. బళ్ళో గుణింతం వల్లె వేసినవాళ్ళకి అది పలకలాంటిదే. మా అత్తగారు ఒక పూటలో పట్టుకున్నారు. వత్తు దగ్గర మాత్రం తికమక పడతారు. పలక మీద ముందు అక్షరం రాసి కింద వత్తు పెట్టేవాళ్ళం కదా, ఇక్కడ మధ్యలో పొల్లు నొక్కాలి. అ, క, పొల్లు, క. అప్పుడు 'అక్క'. ఆ ఒక్కటీ పది మాటలతో సాధన చేయించు. మొదట అక్షరాలు పెద్దవి చెయ్యి, జీబోర్డు సెట్టింగుల్లో కీబోర్డు ఎత్తు పెంచుకోవచ్చు. ఇంకోటి, రోజూ పంపే వాక్యం ఏదైనా ఉంటే వ్యక్తిగత నిఘంటువులో షార్ట్‌కట్ పెట్టు. మా అత్తగారికి 'భభ' అని కొడితే "భోజనం చేశాను, మందులు వేసుకున్నాను" అని పైన వస్తుంది. రోజుకి మూడుసార్లు మా ఆయన అడిగేది అదే.

కరీంనగర్_కుర్రోడు
గిది మస్తుంది టీచరమ్మా. మా అవ్వకి పెడత.

డీటీపీ_వాసు
పొల్లు విషయం టీచరమ్మగారు సరిగ్గా చెప్పారు. ఇన్‌స్క్రిప్టులోనూ అదే పద్ధతి.

బెజవాడ_బుల్లోడు
వదలడు 🙏

పార్వతీపురం_పిల్ల
ఊరి నుంచి వచ్చాను. టీచరమ్మ గారు చెప్పిందే పెట్టాను. భోగి రోజు పొద్దున్న మొదలుపెట్టాం. గుణింతం గంటలో వచ్చేసింది, పై వరుస మారుతుంటే నవ్వింది. పొల్లు దగ్గర మాత్రం కోపం వచ్చింది. "ముందు దాన్ని పొల్లు సేసీసి, తర్వాత ఒత్తెట్టాలా? అదేటే?" అంది. 'అక్క' పన్నెండుసార్లు కొట్టించాను. కనుమ సాయంత్రం గ్రూపులో తనే పెట్టింది: "అల్లుళ్ళు పెద్ద పండక్కి రాలేదు అరిసెలు పక్కింటి వాళ్ళు తిన్నారు". చుక్క లేదు, కామా లేదు. ఈసారి ఇద్దరల్లుళ్ళూ అయిదు నిమిషాల్లో జవాబిచ్చారు.

డీటీపీ_వాసు
'అల్లుళ్ళు'లో రెండు వత్తులూ సరిగ్గా పడ్డాయా? ళ కింద ళ?

పార్వతీపురం_పిల్ల
పడ్డాయి మేష్టారూ. నేను చెప్పలేదు, తనే వేసింది.

ఆస్టిన్_ఆవకాయ
ఇన్‌స్క్రిప్టులో 'అల్లుళ్ళు'కి ఎన్ని మీటలు?

డీటీపీ_వాసు
తొమ్మిది. షిఫ్టుతో లెక్కపెట్టకండి.