14 ఏళ్ల పాప ఏం అడిగినా "ఏం లేదు" అంటోంది, ఫోన్ చెక్ చేయొచ్చా?

ప్రశ్న: మా పాప ఈమధ్య బాగా డల్ అయిపోయింది, స్కూల్ నుంచి రాగానే బ్యాగ్ పడేసి గదిలోకెళ్లి తలుపేసుకుంటుంది, ఏమైందే అంటే "ఏం లేదు" అంతే. తన కజిన్ చెప్తే తెలిసింది, చిన్నప్పట్నుంచీ కలిసి తిరిగిన పిల్లలే దీన్ని వదిలేసి వేరే వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నారంట. మావారేమో "పిల్లల గొడవలు, నాలుగు రోజుల్లో సర్దుకుంటాయి" అంటారు. నాకు మనసు ఊరుకోవట్లేదు. ఫోన్ చూడనా, ఆ పిల్లల అమ్మలతో మాట్లాడనా?

జవాబు: చిన్న విషయం కాదండీ, మీవారికి కూడా చెప్పండి. 2003లో ఐసెన్‌బర్గర్ అనే పరిశోధకురాలు, తనతో పనిచేసేవాళ్లు కలిసి కాలేజీ పిల్లల్ని మెదడు స్కానర్‌లో పెట్టి కంప్యూటర్‌లో బంతాట ఆడించారు, మధ్యలో ఆటలో మిగతావాళ్లు వాళ్లకి బంతి వేయడం మానేస్తే ఒంటి నొప్పికి స్పందించే మెదడు భాగాల్లో ఒకటి స్పందించింది. ఉత్త ఆటకే అలా అయితే రోజూ అదే క్లాసులో ఆ మొహాల మధ్యే కూర్చోవాల్సిన పిల్లకి ఎలా ఉంటుందో చూడండి.

జవాబు: అక్కా, ఫోన్ మాత్రం చాటుగా చూడొద్దు. తెలిసిందంటే చెప్పే ఆ కాస్త కూడా చెప్పదు. స్టాటిన్, కెర్ అని ఇద్దరు స్వీడన్‌లో 14 ఏళ్ల పిల్లల మీదే స్టడీ చేసి 2000లో రాశారు, అమ్మానాన్నలకి పిల్లల గురించి తెలిసేది ఎక్కువగా పిల్లలు తమంతట తాము చెప్పినదాని వల్లేనంట, ఆరా తీయడం వల్ల తెలిసేది తక్కువ. అందుకే ఎదురుగా కూర్చోబెట్టి అడక్కండి, బట్టలు మడతపెడుతూనో పక్కపక్కన నడుస్తూనో ఉంటే వాళ్లే మొదలుపెడతారు, అప్పుడు మధ్యలో అందుకుని "నేను ముందే చెప్పానా, ఆ పిల్ల మంచిది కాదని" అనకుండా మొత్తం విని "చాలా బాధేసుంటుంది కదా" అని ఆగండి చాలు.

ప్రశ్న అడిగినవారు: నిజమే, నేను వెంటనే సలహా మొదలెడతాను. మరి వాళ్ల అమ్మలతో?

జవాబు: పాపని అడక్కుండా వద్దండీ, రేపు క్లాసులో ఆ మాటలు పడేది తనే. కానీ బెదిరింపులు, ఫోటోలు పెట్టి ఏడిపించడం లాంటివుంటే ఆగకుండా స్కూల్లో చెప్పాల్సిందే. ఈ గ్రూప్ పోయినా వేరే సెక్షన్‌లోనో డాన్స్ క్లాసులోనో ఒక్క మంచి ఫ్రెండ్ ఉన్నా చాలా తేడా ఉంటుంది, అలాంటి అమ్మాయి ఉంటే ఇంటికి రమ్మనండి. ఇంకోటి, దీని గురించి మీరూ మీవారూ తన ముందు వాదించుకోవద్దు, "నా వల్లే" అనుకుంటారు ఈ వయసులో. నిద్ర, తిండి రెండు వారాలైనా గాడిన పడకపోతే కౌన్సెలర్‌కి చూపించండి. బతకాలని లేదు లాంటి మాట వచ్చిందా, ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.