‘మ్యాష్ చేయాలి’ బదులు ఏం రాద్దాం? మెదపాలా, చిదమాలా, ఎనపాలా?

పోస్టు:
చీజ్ వేసి ఓవెన్‌లో పెట్టే బంగాళాదుంప క్యాసరోల్ తయారీ తెలుగులో రాస్తున్నానండీ. దుంపలు ఉడికించి, మెత్తగా చేసి, వెన్నా పాలూ చీజూ కలిపి గిన్నెలో సర్ది, పైన ఇంకాస్త చీజ్ తురుము చల్లి ఎర్రగా కాలుస్తారు చూడండి, అదే. వంట సులువే గానీ రాత రెండో వాక్యం దగ్గరే ఆగిపోయింది, ‘దుంపల్ని మ్యాష్ చేయాలి’ అని రాయబుద్ధి కావట్లేదు. మెదపడం, చిదమడం, నలపడం, పిసకడం, ఎనపడం, నూరడం, రుబ్బడం... ఇన్ని ఉన్నాయి కదా, వీటిలో ఏది రాస్తే చదివినవాళ్ల చెయ్యి సరిగ్గా ఆ పనే చేస్తుంది? నా ఓటు మెదపడానికి. ఎందుకంటే మాత్రం గట్టిగా చెప్పలేను.

వ్యాఖ్య:
చిదమడం. దీనికింత చర్చా?

జవాబు:
చిదమడం అంటే రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కేయడం కదా అన్నా, మొటిమ చిదుముతాం, వెల్లుల్లి రెబ్బ చిదుముతాం. కేజీ దుంపల్ని అలా చిదుముకుంటూ కూర్చుంటే తెల్లారుద్ది.

వ్యాఖ్య:
మెదపడమే కరెక్ట్ అండీ, కారణం నేను చెప్తాను. నలపడం ఆకుకీ గుడ్డకీ, పిసకడం పిండికీ, నూరడం రుబ్బడం రాతి మీద పని, దంచడం అంటే పైనుంచి దెబ్బ పడాలి. మెదపడం ఒక్కటే ఆల్రెడీ ఉడికి మెత్తబడిన దాన్ని ఒత్తి అందులో మిగిలిన గడ్డలు పోగొట్టడం. పచ్చి దుంపని దంచగలరు, నూరగలరు, మెదపలేరు. ముందే ఉడికి ఉండాలన్న షరతు ఆ మాటలోనే ఉంది, వేరే చెప్పక్కర్లేదు.

వ్యాఖ్య:
ఎనపడం కూడా ఉడికినదానికే కదండీ. మా వైపు గుత్తితో చేస్తే ఎనపడమే అంటాం, చేత్తో చేస్తే మెదపడం.

జవాబు:
ఆ తేడా బాగుంది, కానీ ఎనపడం తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు అక్కా. వంట రాసేటప్పుడు పాఠకుడు డిక్షనరీ వెతుక్కోకూడదు.

వ్యాఖ్య:
మెదపడం అంటే కదపడం కాదా? ‘మెదలకుండా కూర్చో’ అంటాం, ‘మనసులో మెదిలింది’ అంటాం. దుంపల్ని కదపాలి అని అర్థం వస్తుందేమో.

జవాబు:
అది మెదలు, లకారం. ఇది మెదుగు, గకారం. రెండూ వేరు. మెదుగు అంటే దానంతట అది నలిగి మెత్తనవడం, మెదుపు అంటే మనం అలా చేయడం. జరుగు-జరుపు, నలుగు-నలుపు ఎలాగో ఇదీ అంతే, మొదటిది అకర్మకం, రెండోది సకర్మకం. ‘దుంప బాగా మెదిగిందా?’ అని అడగొచ్చు, ‘మెదిపావా?’ అనీ అడగొచ్చు, రెండు ప్రశ్నలూ ఒకటి కాదు. మ్యాష్ చేశావా మ్యాష్ అయిందా అని చేయి-అవు తగిలించుకుంటే గానీ ఆ అరువు మాట కదలదు, మనదేమో ఒక్క అక్షరం మారిస్తే సరిపోతుంది.

వ్యాఖ్య:
భాష పక్కన పెట్టి వంటవైపు నుంచి ఒక మాట చెప్తా, ఎందుకంటే ఇక్కడ క్రియ తప్పు రాస్తే కూర్పే చెడిపోతుంది. ఉడికిన దుంపలో కణాలన్నీ ఉబ్బిన పిండిపదార్థంతో నిండి ఉంటాయి, వాటిని ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచే పెక్టిన్ ఉడకడంతో బలహీనపడుతుంది, అందుకని మెల్లగా ఒత్తితే కణాలు చాలావరకు పగలకుండానే విడిపోతాయి, అదే మనకి కావాల్సిన గుల్లదనం. అదే మిక్సీలో వేసి తిప్పారనుకోండి బ్లేడు ఆ కణాల్ని కోసేస్తుంది, లోపలి పిండి బయటికొచ్చి పాలల్లో కలిసి జిగురైపోతుంది, చెంచాతో ఎత్తితే సాగుతుంది, ఆ సాగుడు చీజ్‌ది అనుకుని కొందరు సంతోషపడతారు కూడా 😄 ఆ తర్వాత ఎంత వెన్న వేసినా అది బాగవదు. కాబట్టి ‘రుబ్బాలి’ అనో ‘పేస్ట్ చేయాలి’ అనో రాస్తే చదివినావిడ మిక్సీ తీస్తుంది. మెదపాలి అని రాస్తే గుత్తో గరిటో తీస్తుంది. నా ఓటూ దానికే.

పోస్టు పెట్టినవారు:
ఇదేనండీ నాకు కావాల్సింది! మెదపడం ఖాయం. రెండో గొడవ పేరు. క్యాసరోల్ అని రాస్తే చాలామంది వేడి తగ్గకుండా ఉంచే మూతడబ్బా అనుకుంటారు. ‘క్యాసరోల్ తయారీ’ అంటే ఫ్యాక్టరీ పనిలా ఉంది.

వ్యాఖ్య:
ఆ డబ్బా అర్థం కూడా ఊరికే రాలేదు. ఫ్రెంచిలో ఆ మాట గిన్నె పేరే, ఆ గిన్నెలో వండిందానికి తర్వాత అంటుకుంది. మనమూ ‘రెండు గ్లాసులు తాగా’ అంటాం, గ్లాసు తాగుతామా ఏంటి. మాట అలాగే ఉంచి ముందు ఏం ఉందో చెప్పేయండి: చీజ్ బంగాళాదుంప క్యాసరోల్. ‘జున్ను’ అని మాత్రం రాయకండి, జున్ను వేరు, చీజ్ వేరు.

వ్యాఖ్య:
జున్ను విషయంలో వందశాతం ఒప్పుకుంటా. దుంప పేరు మాత్రం మీ ఇష్టం, ఆలుగడ్డ అన్నా ఉర్లగడ్డ అన్నా అందరికీ అర్థమవుతుంది.

వ్యాఖ్య:
పైన చీజ్ కాలినదానికి ‘దోరగా’ అని రాస్తారేమో, వద్దు. దోర అంటే సగం పండినది, దోరగా వేయించడం అంటే రంగు అప్పుడే మొదలవ్వడం. ఇక్కడ అంతకంటే ముదరాలి, అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు రావాలి, ఎర్రగా అంటేనే సరిపోతుంది. ‘క్యారమలైజ్ అయ్యేదాకా’ అని కూడా కనిపిస్తుంటుంది, అది చక్కెర కాలడం. చీజ్ ఎర్రబడేది ప్రధానంగా మాంసకృత్తులూ చక్కెరలూ వేడికి కలిసి, ఆ చర్యని 1912లో వివరించిన ఫ్రెంచి రసాయనవేత్త మెయార్ పేరే దానికి పెట్టారు. వంట రాతలో ఇదంతా ఎందుకు, ఎర్రగా అంటే చాలు. పైన గట్టిపడే పొరకి ‘పెచ్చు’ అంటే ఎలా ఉంటుంది?

జవాబు:
పెచ్చు అంటే గోడ పెచ్చులూడటమే గుర్తొస్తుంది గురువుగారూ, తినబుద్ధి కాదు.

పోస్టు పెట్టినవారు:
పొర అనేస్తా. ఇప్పటికి ఇలా వచ్చింది, చూడండి:

‘ఒక కేజీ బంగాళాదుంపలు చెక్కు తీసి సమానమైన ముక్కలుగా తరగాలి. పిండిపిండిగా ఉడికే రకమైతే బాగా మెదుగుతాయి. ఉప్పు వేసిన చన్నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టాలి, మరిగే నీళ్లలో వేస్తే పైన చితికిపోయి లోపల పచ్చిగా ఉంటాయి. చాకు గుచ్చితే సులువుగా దిగేదాకా ఉడికించి, నీళ్లు వంపేసి, అదే గిన్నెలో సన్నసెగ మీద ఒకటి రెండు నిమిషాలు తడి ఆరనివ్వాలి. వేడి మీదే మెదిపి ముందు 60 గ్రాముల వెన్న, తర్వాత 150 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు కొద్దికొద్దిగా కలపాలి. 150 గ్రాముల చెడ్డార్ చీజ్ తురుము, మిరియాల పొడి వేసి, ఉప్పు చూసుకుని కలిపి, వెన్న రాసిన గిన్నెలో సర్దాలి. పైన మరో 75 గ్రాముల తురుము చల్లి 190 డిగ్రీల సెల్సియస్‌లో 25 నుంచి 30 నిమిషాలు, పై పొర ఎర్రబడి అంచుల్లో బుడగలు వచ్చేదాకా ఉంచాలి.’

వ్యాఖ్య:
చక్కగా ఉంది. ‘చితికిపోయి’ కూడా సరిగ్గా పడింది, అది మనం చేసేది కాదు, దానంతట అదే అయ్యేది. తురుము మాత్రం అప్పటికప్పుడు తురుముకోమని రాయండి, ప్యాకెట్లో వచ్చే తురుముకి అంటుకోకుండా స్టార్చో సెల్యులోజో పొడి కలుపుతారు, అంత సాఫీగా కరగదు.

వ్యాఖ్య:
వెన్న ముందు, పాలు తర్వాత అన్నారు. తిరగేస్తే ఏమవుతుంది?

జవాబు:
వెన్న ముందు వేస్తే కొవ్వు పిండికి పూతలా పడుతుంది, తర్వాత పాలల్లో నీటిని అది మరీ ఎక్కువ పీల్చుకోదు, జిగురు తగ్గుతుంది. తిరగేస్తే కొంప మునగదు గానీ కాస్త బరువుగా వస్తుంది. పాలు చల్లగా మాత్రం పోయకండి, ముద్ద మొత్తం చల్లబడి చీజ్ సరిగ్గా కలవదు.