ఉంగరాల జుట్టు: నూనె పెట్టి బిగించి జడ వేయాలా, దువ్వకుండా వదిలేయాలా?

మూడో అంతస్తు (అనంతపురం)
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. తల నిండా ఉంగరాలు, మా మామగారి పోలిక. బడిలో రెండు మడత జడలు, రిబ్బన్లు తప్పనిసరి. ఉదయం ఆరున్నరకు చిక్కు తీయడం మొదలుపెడితే ఏడుంబావు దాకా యుద్ధమే. తను ఏడుస్తుంది, నేను అరుస్తాను, ఆ గొడవలో అన్నం డబ్బా ఇంట్లోనే ఉండిపోతుంది. ఈ మధ్య ఫోనులో ఏవో చూసి, పొడి జుట్టు దువ్వకూడదని, నూనె వద్దని, అవిసె గింజల జెల్ రాయాలని అంటోంది. మా అత్తగారేమో ఆముదం పెట్టి బిగించి జడ వేస్తే జుట్టు దానంతట అదే లొంగుతుందని అంటారు. ఎవరి మాట వినాలి? మాకు తాగడానికి కుళాయి నీళ్లు, మిగతా అన్నిటికీ బోరే.

సీకాయ పొడి (కడప)
మీ అత్తగారి మాట వినండి. ఇందులో అడగడానికి ఏముందో నాకు అర్థం కాలేదు. ముప్పై ఏళ్లుగా ఇంట్లో సీకాయ పట్టిస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. సీకాయలు బాగా ఎండబెట్టి, పెసలు, మెంతులు, ఎండబెట్టిన నిమ్మ తొక్కలు, మందారాకు కలిపి మరకు తీసుకెళ్లాలి. ఒక్క జాగ్రత్త: కారం పట్టిన వెంటనే మన సీకాయ పోయనివ్వకూడదు. ఒకసారి నేను చూసుకోలేదు, ఆ ఆదివారం ఇంటిల్లిపాదీ కళ్లు మండి ఏడ్చాము. ముందు రోజు రాత్రి కొబ్బరినూనెలో కొంచెం ఆముదం కలిపి గోరువెచ్చగా చేసి మాడుకు పట్టించండి. పొద్దున తలంటి, గంజితో ఒకసారి కడిగి, సాంబ్రాణి పొగ వేయండి. కాస్త తడి ఉండగానే జడ వేసేయండి. మా అమ్మాయిది కూడా ఉంగరాల జుట్టే. పదో తరగతిలో జడ నడుము దాటింది. చూసినవాళ్లందరూ సవరమా అని అడిగేవారు.

తుంగభద్ర అలలు (కర్నూలు)
పెద్దమ్మా, జడ నడుము దాటడం వేరు, ఉంగరాలు బాగుండడం వేరు.

మూడో అంతస్తు అక్కా, మీ పాప సరిగ్గానే చెబుతోంది. కుదుళ్ల దగ్గర పుట్టే సహజమైన నూనె తిన్నని వెంట్రుక మీద కొస దాకా జారుతుంది. ఉంగరం తిరిగిన వెంట్రుకలో ఆ మలుపులు దాటి కిందికి రాలేదు. అందుకే మాడు జిడ్డుగా, కొసలు కొబ్బరి పీచులా ఉంటాయి. అలాంటి దాన్ని పొడిగా ఉండగా సన్న పళ్ల దువ్వెనతో లాగితే ఉంగరం విడిపోయి దూదిలా లేస్తుంది, లేదా తెగుతుంది.

నేను చేసేది ఇది. వారానికి రెండుసార్లు తలస్నానం. సల్ఫేట్ లేని షాంపూ మాడుకు మాత్రమే. తరువాత కొసలకు కండిషనర్ దండిగా పట్టించి, అది జుట్టులో ఉండగానే వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి వస్తూ చిక్కు తీస్తాను. తువ్వాలుతో రుద్దను, పాత బనియనుతో నీళ్లు పిండుతాను.

జెల్: పావు కప్పు అవిసె గింజలు, రెండు కప్పుల నీళ్లు. సన్నని సెగ మీద కలుపుతూనే ఉండాలి. గరిటె ఎత్తితే గుడ్డు తెల్లసొనలా తీగ సాగినప్పుడు దింపేసి, వేడిగా ఉండగానే పల్చటి గుడ్డలో వడకట్టాలి. చల్లారనిస్తే గింజలు దాన్ని వదలవు, గుడ్డ పారేయాల్సిందే. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. తడి జుట్టుకు రాసి, కింద నుంచి పైకి గుప్పిట్లో నలిపి వదిలేయండి. ఆరాక జుట్టు అప్పడంలా బిగుసుకుంటుంది, కంగారు పడకండి. పూర్తిగా ఆరిన తరువాత మళ్లీ గుప్పిట్లో నలిపితే ఆ పెళుసు పోయి ఉంగరం మిగులుతుంది.

సీకాయ పొడి (కడప)
అవిసె గింజలతో మేము అన్నంలోకి పొడి చేసుకుంటాము, తల్లీ. తినే వస్తువును తలకు పూసుకుని అప్పడం చేసుకోవడం ఎక్కడి చోద్యం?

తుంగభద్ర అలలు (కర్నూలు)
మెంతులు, పెసలు, నిమ్మకాయ, గంజి. మీ జాబితాలో తిననిది ఏదో చెప్పండి పెద్దమ్మా. ఒక్క సీకాయ, మందారాకు మిగులుతాయి.

రాళ్లసీమ రాజు (కడప)
ఒకటి, సున్నా.

నీళ్ల మాస్టారు (అనంతపురం)
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. అడిగినావిడ చివరి వాక్యంలో 'బోరు' అన్నారు. మీ బోరు టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం, ఎంతమ్మా? బకెట్టు అంచున, గీజరులో తెల్లటి పొర పేరుకుంటోందా? అది కాల్షియం, మెగ్నీషియం. ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు, పాలు విరిగినట్టు తెట్టె కడుతుంది. ఆ తెట్టె జుట్టుకు అంటుకుని బిరుసెక్కిస్తుంది. నూనె పెట్టినా, జెల్ రాసినా, ఆ పొర మీద రాస్తున్నట్టే. కుంకుడు, సీకాయలలో నురగ ఇచ్చేవి సాపోనిన్లు. అవి సబ్బులా తెట్టె కట్టవు. మన పెద్దవాళ్లు ఊటబావి నీళ్లతో నెగ్గుకురావడానికి అదొక కారణం. చివరి మగ్గు ఒక్కటీ శుద్ధి చేసిన నీళ్లు పోయండి, లేదా వాన నీళ్లు పట్టి ఉంచుకోండి.

టవర్ క్లాక్ (అనంతపురం)
మాస్టారూ, మన జిల్లాలో ఏడాదికి కురిసేదే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. దానితో వేరుసెనగ బతికించాలా, ఉంగరాలు తిప్పాలా?

కందెన (కర్నూలు)
టీడీఎస్ వేరు, కఠినత్వం (కాల్షియం, మెగ్నీషియం లెక్క) వేరు. ఉప్పు కలిపిన నీళ్లకూ టీడీఎస్ ఎక్కువే చూపిస్తుంది. మీటరు చూసి కాల్షియం ఎంతో చెప్పలేము.

నీళ్ల మాస్టారు (అనంతపురం)
నాకు తెలుసు బాబూ. బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో తాగునీటికి వాంఛనీయ పరిమితి టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు, కఠినత్వం 200. రెండూ వేర్వేరుగానే ఇచ్చారు. ఇంట్లో జనానికి ఉండేది టీడీఎస్ మీటరు కాబట్టి అది అడిగాను.

కందెన (కర్నూలు)
అయితే కఠినత్వం అడగాల్సింది.

నీళ్ల మాస్టారు (అనంతపురం)
సరే. కఠినత్వం ఎంతమ్మా?

మూడో అంతస్తు (అనంతపురం)
నాకు రెండూ తెలియవు సార్. గీజరు కాయిల్ మాత్రం రెండేళ్లకోసారి మారుస్తున్నాము. పైన సున్నం పెచ్చులు కట్టి ఉంటుంది.

నీళ్ల మాస్టారు (అనంతపురం)
అంతే. కేసు తేలిపోయింది.

సీకాయ పొడి (కడప)
ఏ కేసూ తేలలేదు. నూనె వద్దని ఆ అమ్మాయి అంటోంది, దానికి జవాబు కావాలి. నూనె పెట్టని తల తల కాదు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి దిగుతుందని పరిశోధనలే చెప్పాయి, మా అల్లుడు చదివి వినిపించాడు.

తుంగభద్ర అలలు (కర్నూలు)
నూనె వద్దని నేను రాయలేదు, పైకి వెళ్లి చదవండి. మీరు చెప్పే పరిశోధన 2003లో ముంబయిలో జరిగింది. కొబ్బరినూనె వెంట్రుకలోకి దిగి, కడిగేటప్పుడు ప్రోటీన్ పోకుండా కొంత ఆపుతుందని, మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనె ఆ పని చేయవని తేలింది. చేసినవాళ్లు కొబ్బరినూనె అమ్మే కంపెనీవాళ్లే, అయినా నేను నమ్ముతాను. తలస్నానానికి ముందు పెట్టుకుని కడిగేస్తే మంచిదే. మీరు చెప్పే పద్ధతీ అదే. మా బడిలో జరిగింది వేరు: నూనె కారుతూ ఆరు రోజులు, దాని మీద దుమ్ము, లోపల చుండ్రు. మాడు మీద ఉండే ఒక రకం ఫంగస్‌కు ఆ జిడ్డే తిండి అని చర్మ వైద్యురాలు చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చుండ్రు వస్తే ఇంకా నూనె పోసేవారు.

రాళ్లసీమ రాజు (కడప)
మగవాళ్లకూ ఉంగరాల జుట్టు ఉంటుందని ఈ చర్చలో ఎవరికైనా గుర్తుందా? మా మంగలి దాన్ని చూడగానే మిషను తీస్తాడు.

సీకాయ పొడి (కడప)
మీ ఇంట్లో పెట్టడం చేతకాకపోతే అది నూనె తప్పా? జుట్టు దువ్వకుండా, విరబోసుకుని, అప్పడాలు అంటించుకుని తిరగడం అందమని ఈ కాలం పిల్లలు అనుకుంటున్నారు. మా కాలంలో అలా ఉంటే చింపిరి జుట్టు అనేవారు. బడివాళ్లు జడలు అడగడంలో తప్పేమీ లేదు.

తుంగభద్ర అలలు (కర్నూలు)
ఆ మాట కోసమే చూస్తున్నాను. చింపిరి. నన్ను ఆరో తరగతిలో ప్రార్థన వరుస నుంచి బయటికి పిలిచి, అందరి ముందు నిలబెట్టి, 'మీ ఇంట్లో దువ్వెన లేదా' అని అడిగారు. దువ్వెన ఉంది. ఆ ఉదయం దానితోనే వీపు మీద నాలుగు పడ్డాయి కూడా. పెళ్లిచూపులకు ముందు మా అమ్మ పార్లరుకు తీసుకెళ్లి స్ట్రెయిటనింగ్ చేయించింది. నాలుగు గంటలు కూర్చున్నాను. ఇనుప పట్టకారు నుంచి పొగ, ఘాటుకు కళ్లలో నీళ్లు. జుట్టులోని బంధాలను రసాయనంతో విడగొట్టి, సాగదీసి, మళ్లీ బిగిస్తారు. ఆ వెంట్రుకకు ఇక ఉంగరం రాదు, కుదురులో నుంచి వచ్చే కొత్తదానికి మాత్రం వస్తుంది. ఆరు నెలల తరువాత చెవుల దాకా ఉంగరాలు, కింద చీపురు. ఆ సంబంధం ఎటూ కుదరలేదు. చివరికి భుజాల పైకి కత్తిరించుకోవాల్సి వచ్చింది. నా జుట్టుకు జబ్బు లేదు. ఉన్నదల్లా అది మా ఇంటివాళ్లకు నచ్చకపోవడమే.

టవర్ క్లాక్ (అనంతపురం)
నుదుటి మీద ముంగురులు తిరిగితే పద్యాలలో అలకలు అని పొగిడారు. ఇంట్లో పుడితే పిచ్చుకగూడు.

సీకాయ పొడి (కడప)
అంటే తల్లులందరం మీ జుట్టు పాడుచేయడానికే పుట్టామన్నమాట. బాగుంది. ఐదింటికి లేచి, పొయ్యి మీద ఒకవైపు కూర, ఒకవైపు అన్నం, మధ్యలో పిల్లను మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని చిక్కు తీసింది ఎవరు? కండిషనర్ అనే మాట మాకు తెలుసా? తెలిసినా కొనగలిగామా? పన్నెండేళ్లు, ఆదివారం తప్ప ప్రతి రోజూ దువ్వాను. మా అమ్మాయి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. పోయిన సంక్రాంతికి వచ్చింది. నూనె గిన్నె తీసుకుని వెనక్కి వెళ్లి కూర్చుంటే, తల పక్కకు తీసుకుని 'వద్దమ్మా, నువ్వు చేసినదంతా సరిచేసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది' అంది. అల్లుడి ముందు. ఒక వీడియో కూడా పంపింది, అమ్మలు చేసే తప్పులట. నువ్వూ ఆ మాటే అంటున్నావు, తల్లీ. జెల్ గురించి కాదు.

కందెన (కర్నూలు)
అయ్యో.

తుంగభద్ర అలలు (కర్నూలు)
మీ అమ్మాయి గురించి నేనేమీ అనలేదు. మా అమ్మ గురించి అన్నాను. ఆవిడ కూడా ఐదింటికే లేచేది, ఆ సంగతి నాకు తెలియక కాదు. దెబ్బలూ నిజమే, లేవడమూ నిజమే. ఒకటి చెప్పినంత మాత్రాన రెండోది కాదన్నట్టు కాదు కదా.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ అమ్మాయికి ఆ ఉంగరాలు ఎవరి పోలిక?

సీకాయ పొడి (కడప)
నా పోలికే.

పెళ్లయినప్పటి నుంచి ముడే. తలంటుకున్నా విప్పి ఆరబెట్టుకోనిచ్చేవారు కాదు, విరబోసుకుంటే ఇంటికి అరిష్టమని మా అత్తగారు. తడిది తడిగానే చుట్టేసేదాన్ని. ఇప్పుడు ఆవిడ లేరు, ముడి మాత్రం అలాగే ఉంది. నా జుట్టు విప్పితే ఎలా ఉంటుందో మా అమ్మాయి చూసి ఉండదు.

రాళ్లసీమ రాజు (కడప)
(రాద్దామనుకున్న జోకు రాయడం లేదు.)

మూడో అంతస్తు (అనంతపురం)
ఆదివారం చేసిన పని చెబుతాను. శనివారం రాత్రి కొబ్బరినూనె పెట్టాను, మా అత్తగారు ఊరుకున్నారు. పొద్దున కుంకుడుకాయలు మానేసి షాంపూ, కండిషనర్. కండిషనర్ ఉండగానే కొసల నుంచి చిక్కు తీస్తే పదిహేను నిమిషాలలో అయిపోయింది. ఒకచోట మాత్రం 'అబ్బా' అంది, ఏడవలేదు. చివరి మగ్గు కుళాయి నీళ్లు పోశాను. జెల్ మొదటిసారి ఎక్కువ మరిగి గిన్నెకు పట్టుకుపోయింది, రెండోసారి కుదిరింది. ఆరాక చూస్తే, మా మామగారి పెళ్లి ఫోటోలోని జుట్టు ఆడపిల్ల తల మీద కూర్చున్నట్టు ఉంది. మా అత్తగారు ఆ ఫోటో తీసి పక్కన పెట్టుకుని చూశారు, ఏమీ అనలేదు. సోమవారం మళ్లీ జడలే. అది బడితో తేల్చుకోవాల్సిన సంగతి. రాత్రిపూట వదులుగా ఒక జడ వేసి పడుకోబెడితే పొద్దున చిక్కు సగం తగ్గింది.

నీళ్ల మాస్టారు (అనంతపురం)
చివరి మగ్గు కుళాయి నీళ్లు. గమనించారా?

సీకాయ పొడి (కడప)
జెల్ నేను రాయను. సీకాయ మానను. ఈ ఆదివారం తలంటుకుని మేడ మీద విప్పి ఆరబెట్టుకుంటాను. ఎవరైనా అడిగితే నీళ్ల మాస్టారు చెప్పారంటాను.

నీళ్ల మాస్టారు (అనంతపురం)
నేను అలా చెప్పలేదు. అయినా చెప్పానని అనండి. మీది బోరా, కుళాయా?