అధ్యక్ష ఎన్నిక: ఒక విడత పోలింగ్ చాలా, రెండో విడత కూడా ఉండాలా?

సంధ్యారాగం:
ప్రజలే నేరుగా అధ్యక్షుణ్ణి ఎన్నుకునే దేశాల్లో రెండు పద్ధతులు ఎక్కువగా కనిపిస్తాయి. దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్‌లలో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్ళే గెలిచినట్టు. ఫ్రాన్స్, బ్రెజిల్‌లలో ఎవరూ సగం దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్ళీ పోలింగ్ పెడతారు. నేను రెండో పద్ధతి వైపే.

1987లో దక్షిణ కొరియా జనం సైనిక పాలన మీద వీధుల్లోకొచ్చి పోరాడి ప్రత్యక్ష ఎన్నిక సాధించుకున్నారు. తీరా ఎన్నికలొచ్చేసరికి ప్రతిపక్షం నుంచి కిమ్ యంగ్ సామ్, కిమ్ డే జంగ్ ఇద్దరూ బరిలో దిగారు. ఇద్దరికీ కలిపి 55 శాతం వచ్చాయి. గెలిచింది మాత్రం 37 శాతం కూడా రాని రో టే వూ, ఆ సైనిక వర్గం మనిషే! అంత పోరాడిన జనానికి ఇది అన్యాయం కాదా?

ఈశాన్యగాలి:
అన్యాయమే. కానీ రెండో విడత ఉన్నంత మాత్రాన ఓట్లు చీలకుండా పోవండీ. 2002లో ఫ్రాన్స్‌లో 16 మంది పోటీ చేశారు. వామపక్షాల ఓట్లు చీలి, ప్రధానిగా ఉన్న జోస్పాన్ 16 శాతంతో మూడో స్థానంలో ఆగిపోయారు. రెండో విడతకు అప్పటి అధ్యక్షుడు, మితవాది షిరాక్, తీవ్ర మితవాద నేత లె పెన్ మిగిలారు. దాంతో జోస్పాన్ ఓటర్లు తమకు నచ్చని షిరాక్‌కే ఓటేయాల్సి వచ్చింది. మొదటి విడతలో 20 శాతం కూడా రాని షిరాక్‌కు రెండో విడతలో 82 శాతం! అది అభిమానం అంటారా? పైగా రెండుసార్లు ఖర్చు, మధ్యలో రెండు వారాల టెన్షన్.

సంధ్యారాగం:
అభిమానం అనను. కానీ ఎక్కువమంది వద్దనుకున్న లె పెన్‌ను 18 శాతం దగ్గర ఆపింది ఆ రెండో విడతే కదా. నాకు అదే ముఖ్యం.

తొలిఓటు:
శ్రీలంక పద్ధతి చూడండి. ఒకే బ్యాలెట్‌పై ముగ్గురి వరకు 1, 2, 3 అని వేయొచ్చు. ఎవరూ సగం దాటకపోతే మొదటి ఇద్దరినీ ఉంచి, మిగతావాళ్ళకు పడిన బ్యాలెట్లలో తర్వాతి ప్రాధాన్యం ఎవరికిచ్చారో లెక్కిస్తారు. 2024లో దిసానాయకె గెలుపు అలాగే తేలింది. మళ్ళీ పోలింగ్ అక్కర్లేదు.

సంధ్యారాగం:
బాగానే ఉంది గానీ, అక్కడ చాలామంది ఒక్కరికే గుర్తేసి ఊరుకున్నారు. రెండో లెక్కింపు తర్వాత కూడా మొత్తం చెల్లిన ఓట్లలో ఆయన వాటా సగానికి చేరలేదు. ప్రధానినైతే అవిశ్వాస తీర్మానంతో దించవచ్చు. అధ్యక్షుడికి పదవీకాలం ఖాయం, అభిశంసన జరిగితే తప్ప. అలాంటి పదవికి, మిగిలింది ఎవరెవరో తెలిసి జనం ఇంకోసారి ఓటేసే అవకాశం ఉండాలనే నా వాదన.